శరత్తు - సుగంధ తైలాలు

వీణను మైకు ముందు ఉంచి మీటితే ఆ నాదం మీ ఇంటి ముంగిలి దాకా వస్తుంది. పూజా మందిరంలోని చిరుగంటను మ్రోగిస్తే అదీ వస్తుంది. అత్తరు సీసా మూత తీసి ఇదే మైకు ముందు పెడితే మాత్రం ఆ పరిమళం ఈ గది తలుపును కూడ దాటదు. ఆ సంగతి తెలిసి ఉండి కూడ ఈనాటి ప్రసంగానికి సుగంధ తైలాలనే విషయంగా ఎన్నుకొన్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉన్నవాడు ఇటువంటి పొరపాటు చేయవచ్చునా అని అద్దానికి అవతల కూర్చున్న ఇంజనీరు మిత్రుడు నవ్వుతున్నాడు. ఆయన నవ్వు కూడ మీకు వినిపించదు గనుక మేమిద్దరమూ సమానమే.

నా ముందు బల్లమీద నాలుగు చిన్న సీసాలు ఉన్నవి. చిటికెనవ్రేలి పొడవు గలవి. ఒకదానిలో గులాబి, ఒకదానిలో మొగలి, ఒకదానిలో కుంకుమపువ్వు, నాలుగవదానిలో శమామా అనే మిశ్రమ తైలం. అయిదవ సీసా ఒకటి ఉండవలె. అది ఇప్పుడు నా వద్ద లేదు. అది ఎవరి వద్ద ఉన్నదో తరువాత చెపుతాను.

శరత్తు అంటే మనకు ఆశ్వయుజ కార్తీక మాసాలు. పశ్చిమ దేశాలవారు ఆటమ్ అని పిలిచే ఋతువు ఇంచుమించు ఇదే కాలంలో వచ్చినా దాని స్వభావం వేరు. అక్కడ ఆకులు ఎర్రబారి రాలిపోతవి. తోటలో ఆపిల్ పండ్లు మాగుతవి. చలిమంటల పొగ సాయంకాలాన్ని ఆవరిస్తుంది. అందుచేత వారు ఆ ఋతువు పేరుతో తయారు చేసే తైలాలలో దాల్చినచెక్క, లవంగం, కాలిన కట్టె, ఓక్ చెట్టు మీది నాచు, ఇటువంటి వాసనలు ప్రధానంగా ఉంటవి. మనకు ఆకు రాలే కాలం శిశిరం. శరత్తులో మన చెట్టు నిండు ఆకుతో ఉంటుంది. వానలకు కలగిన ఏటి నీరు తేరుకొంటుంది, ఆకాశం కడిగినట్లు అవుతుంది, వెన్నెలకు ఒక పదును వస్తుంది. వర్షర్తువులో మట్టి వాసనే అన్ని వాసనలనూ కప్పివేస్తుంది. ఆ మూత తొలగిన తరువాత ఒక్కొక్క పూవు విడివిడిగా వినిపించే కాలం శరత్తు. వినిపించే అన్నాను, మా వృత్తి దోషం, మన్నించండి.

ఈ సీసాలతో నాకు పరిచయం షోకు కొద్దీ కలిగినది కాదు. 2021 ఏప్రిల్ చివర మా ఇంట్లో మొదట మా అమ్మకు కరోనా జ్వరం వచ్చినది. వారం తిరగక ముందే నాకూ వచ్చినది. ఇద్దరమూ ఆస్పత్రి ముఖం చూడకుండానే బయటపడినాము. ఆ నెలలో ఎన్ని ఇళ్ళకు ఆ భాగ్యం దక్కలేదో మీకు తెలియనిది కాదు. జ్వరం తగ్గినది, దగ్గు తగ్గినది, నా గొంతు నాకు తిరిగి వచ్చినది. గొంతు ఉంటే చాలునని జీవించేవాణ్ణి కనుక మరేదైనా పోయినదేమో నేను చూచుకోలేదు.

మే నెలాఖరున అమ్మ ఆవకాయ కలిపినది. ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లి, నువ్వులనూనె - ఇవన్నీ పెద్ద పళ్ళెంలో కలుస్తూ ఉంటే పక్కన కూర్చున్నాను. ఆవపిండి ఘాటుకు కళ్ళు చెమ్మగిల్లినవి. కాని వాసన లేదు! కంటికి తగిలినది ముక్కుకు తగలలేదు. ముక్క నోట వేసుకొంటే ఉప్పు తెలిసినది, పులుపు తెలిసినది, మంట తెలిసినది, ఆవకాయ తెలియలేదు. "ఎలా ఉందిరా?" అని అమ్మ అడిగినది. "ఈ ఏడు ఘాటుగా కుదిరిందమ్మా" అన్నాను. ఆమెతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. జబ్బు తనవల్లనే నాకు సోకినదని ఆమె అప్పటికే నెలరోజులుగా కుమిలిపోతున్నది. డెబ్బది ఆరేళ్ళ మనిషి. ఆ దిగులుకు ఇది కూడ తోడు చేయడం నాకు ఇష్టం లేకపోయినది.

వాసన లేని జీవితం ఎట్లుంటుందో దానిని పోగొట్టుకోని వారికి చెప్పడం కష్టం. చూపు పోయినవానిని చూచి లోకం జాలిపడుతుంది. వాసన పోయినవానిని చూచి, అదీ ఒక లోటేనా అంటుంది. ఒకనాడు నేను వంటింటి గడప వద్దనే కూర్చుని పత్రిక చదువుతూ ఉండగా పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె మాడి, పొగ నా కళ్ళద్దాలకు అడ్డం వచ్చేదాకా నాకు తెలియలేదు. మా ఆవిడ పరుగున వచ్చి పొయ్యి ఆర్పి, నా ముఖం చూచి, ఏమీ అనకుండా గిన్నె తోముకొన్నది. ఆ తరువాత ఇంట్లో ఆమెకు మాత్రం విషయం తెలుసు.

ముక్కు చెవి గొంతు వైద్యుణ్ణి చూచినాను. ఆయన ఓపికగా వివరించినాడు. మన ముక్కు పైభాగంలో తపాలా బిళ్ళంత మేర వాసనను పట్టే పొర ఉన్నదట. అందులో ఇంచుమించు 400 రకాల గ్రాహకాలు ఉన్నవి. వీటి జన్యువుల సంగతి 1991లో కనుగొన్నందుకు లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అనే శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమానం ఇచ్చినారు. ఈ వ్యాధి ప్రధానంగా వాసనను పట్టే నాడీకణాలను కాక, వాటికి ఆసరాగా పక్కన నిలిచే కణాలను దెబ్బతీస్తుంది. ఆసరా పోయినప్పుడు నాడులు కూడ పని మాని కూర్చుంటవి. కాని శరీరంలో జీవితాంతం తిరిగి పుట్టగల కొద్దిపాటి నాడీకణాలలో ఇవి చేరినవి కనుక ఆశ వదలవద్దన్నాడు. మందు వ్రాయలేదు. అభ్యాసం వ్రాసినాడు. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు వైద్యుడు థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పద్ధతి అది. గులాబి, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ - ఈ నాలుగు తైలాలను ఉదయం ఒకమారు, రాత్రి ఒకమారు శ్రద్ధగా వాసన చూడవలె. వాసన వచ్చినా రాకపోయినా, ఇది గులాబి, ఇది లవంగం అని మనస్సులో తలచుకొంటూ చూడవలె. కనీసం మూడు నెలలు. సంగీతం నేర్చే పిల్లవానికి సరళీ స్వరాలు చెప్పినట్లే ఉన్నదని అనుకొన్నాను.

లవంగ తైలం, నీలగిరి తైలం మందుల దుకాణంలో దొరికినవి. నిమ్మతొక్క పెరటిలో ఉన్నది. అసలైన గులాబి తైలం కోసం దసరా వెళ్ళిన మరునాడు చార్మినారు వైపు వెళ్ళినాను.

పత్థర్‌గట్టీ ప్రాంతంలో అత్తరు దుకాణాలను మీలో చాలమంది చూచే ఉంటారు. బీరువాలలో వరుసగా కోత గాజు సీసాలు, తక్కెడ, దూది, దుకాణదారుని వేలికొనల మీద ఎన్నడూ ఆరని నూనె మెరుపు. నేను వెళ్ళిన దుకాణంలో పెద్దవయసు సాహెబుగారు ఒకరు ఉన్నారు. గులాబి కావాలన్నాను. ఆయన వెంటనే సీసా తీయలేదు. "ఏ మౌసమ్‌కు కావాలె సాబ్?" అని అడిగినారు.

వేసవికి వట్టివేరు, గులాబి, మల్లె; వానకు మట్టి అత్తరు, మొగలి, కదంబం; చలికి హీనా, శమామా, అగరు - ఇది ఆయన పంచాంగం. చలువ చేసేవి ఎండకాలం, వేడి చేసేవి చలికాలం. కొత్త వాన పడిన మట్టి వాసనను సైతం కనోజ్ వారు కాల్చిన మట్టి నుండి బట్టీ పట్టి తైలంగా దింపుతారు. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టి వ్యాసం ప్రకటించడానికి చాలాకాలం ముందునుండే అది మన బజారులో తులాల లెక్కన అమ్ముడుపోతున్నది. మరి ఈ నెలకు, అంటే ఆశ్వయుజానికి, ఏమిటి అని నేను అడిగినాను. ఆయన కొంచెం ఆలోచించి, ఇది పలుచని మౌసమ్ సాబ్, దీనికి అత్తర్లు తక్కువ అన్నారు. ఆ మాట నాకు నచ్చినది. ఋతువును పలుచన అనడం నేను ఏ కావ్యంలోనూ చూడలేదు.

చివరకు ఆయన గులాబితో పాటు నాలుగు సీసాలు తీసి ముందు పెట్టినారు. పోతున్న వానకు గుర్తుగా మొగలి. పూస్తున్నదానికి హర్‌సింగార్, అంటే మన పారిజాతం. కాశ్మీరంలో ఆ రోజులలోనే కోతకు వచ్చే జాఫ్రాన్, కుంకుమపువ్వు. రానున్న చలికి శమామా. దూదిని చిన్న ఉండగా చేసి ఒక్కొక్కటే అద్ది నా ముంజేతికి రాచినారు. నాకు ఏదీ తెలియలేదు. ఆ మాట ఆయనతో చెప్పినాను. ఆయన దూదిని కిందపెట్టి, సగం వెలకు ఇచ్చివేసినారు. కారణం నేను అడగలేదు.

శరత్తులో పూచే పువ్వులలో మొగలి మొదటిది కాదు, చివరిది. వానలతోనే దాని కాలం. మనకు పొరుగున ఉన్న గంజాం జిల్లా తీరం దీనికి ప్రసిద్ధి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది మద్రాసు రాజధానిలోనిదే. ఇచ్ఛాపురం పొలిమేర దాటితే ఇప్పటికీ తెలుగు మాట వినిపిస్తుంది. చత్రపురం, బరంపురం పరిసరాలలో మొగలి పొదలు పొలాలకు కంచెలుగా పెరుగుతవి. మగపువ్వుకే ఆ పరిమళం. తెలతెలవారేటప్పుడు కోసి, వాడక ముందే బట్టీకి చేర్చవలె. మొగలిని శివపూజకు ఉపయోగించరాదని పురాణం ఆంక్ష పెట్టినది. పాపం, కార్తీకం వచ్చేసరికి ఆ పువ్వు కూడ తనంతట తానే తప్పుకొంటుంది. నా సంగతికి వస్తే, నా ముక్కు తిరిగి పనిచేయడం మొదలు పెట్టినది ఈ సీసాతోనే. కాని ఆ పని తప్పుగా మొదలు పెట్టినది. 2022 జనవరిలో ఒక ఉదయం మూత తీయగానే కాలిన రబ్బరు వాసన గుప్పున కొట్టినది. అదే వాసన కాఫీలో, వేయించిన ఉల్లిపాయలో, సబ్బులో కూడ. నాడులు తిరిగి అల్లుకొనేటప్పుడు ఒక్కొక్క తీగ తప్పు చోట తగులుకొంటుందట. ఏ వాసనా లేకపోవడం కంటె ఇది దుర్భరం. మూడు నెలలు పెరుగన్నం, అరటిపండు తప్ప వేరేది తినలేకపోయినాను. మొగలి నిజస్వరూపం నాకు ఇప్పుడు తెలుసు: తేనెవంటి తీపి, దాని అడుగున పచ్చి ఆకు కోసిన వగరు, కొంచెం ఎక్కువైతే తలనొప్పి. అయినా నేటికీ ఆ సీసా మూత తీసేముందు చేయి ఒక క్షణం ఆగుతుంది.

కుంకుమపువ్వు తైలం నా ఊహలో ఉన్నదానికి పూర్తిగా భిన్నమైనది. కాశ్మీరంలో పాంపూరు మెరకలమీద అక్టోబరు చివర, నవంబరు మొదటి వారాలలో ఊదారంగు పువ్వులు నేలను అంటుకొని పూస్తవి. ఒక్కొక్క పువ్వుకు మూడే ఎర్రని కీలాగ్రాలు. గ్రాము కుంకుమపువ్వు కావలెనంటే సుమారు నూటయాభై పువ్వులు వలవవలె. విశేషమేమంటే పచ్చిగా ఉన్నప్పుడు ఆ ఎర్రపోగుకు అంత వాసన లేదు. ఎండేటప్పుడే దానిలోని చేదు పదార్థం విడిపోయి పరిమళం పుడుతుంది. ఆ తైలాన్ని వాసన చూస్తే నాకు రాజభోగాలేవీ స్ఫురించలేదు. ఎండిన వరిగడ్డి స్ఫురించినది. కోతలై, కుప్ప వేసి, మంచు పడిన మరునాడు ఎండ తగిలినప్పుడు గడ్డివామి పక్క నిలబడితే వచ్చే వెచ్చని వాసన. ఇంత వెల పెట్టి కొన్న తైలంలో మా తాతగారి కళ్ళం వాసన రావడం చూచి నవ్వుకొన్నాను.

శమామాను గురించి కొంత ఎక్కువగా చెప్పవలె. ఇది ఏ ఒక్క పువ్వుదీ కాదు. జటామాంసి, కచ్చూరాలు, వట్టివేరు, రాతిపువ్వు, జాజికాయ, జాపత్రి, లవంగం, ఏలకులు, కుంకుమపువ్వు - ఇంకా ఏవేవో మూలికలు కలిపి రోజుల తరబడి బట్టీ పడతారు. ఏది ఎంత అన్నది ఆయా కుటుంబాల రహస్యం. తండ్రి కొడుకుకు చెప్పుకొంటాడు. ఇది మొదట్లో నాకు వట్టి నూనె. ఆ ఏడు వేసవిలో అందులో నుండి లవంగం ఒక్కటి విడిపడి తెలిసినది. గుంపులో ఒక ముఖాన్ని గుర్తించినట్లు. తక్కినవారందరూ చీకటిలోనే ఉన్నారు. 2022 నరకచతుర్దశి నాడు తెల్లవారుఝామున అమ్మ నా తలకు నూనె పెట్టి, సున్నిపిండి కలిపి ఇచ్చినది. ఆమె సున్నిపిండిలో కచ్చూరాలు తప్పక పడతవి. వీపు రుద్దుకొంటూ ఉండగా నాకు హఠాత్తుగా శమామా సీసా జ్ఞప్తికి వచ్చినది. తైలాన్ని చూచి సున్నిపిండి గుర్తుకు రావలసినది పోయి, సున్నిపిండిని చూచి తైలం గుర్తుకు వచ్చినది! తుడుచుకొని వచ్చి సీసా తీసి చూచినాను. అంతవరకు వట్టి చేదుగా, గరుకుగా తోచిన ఆ తైలంలో నలభై దీపావళుల తలంటు పోసుకొన్న తెల్లవారుఝాములు ఉన్నవి. రాగి కాగు, తడి సిమెంటు గచ్చు, దూరాన ఎవరో తొందరపడి కాల్చిన టపాకాయ. కరోనా తరువాత నాకు పూర్తిగా తిరిగివచ్చిన మొదటి పరిమళం అదే.

ఆ ఉత్సాహంలోనే, మరుసటి నెలలో ఉద్యోగ నిమిత్తం లక్నో వెళ్ళినప్పుడు, ఒక పగలు మిగుల్చుకొని కనోజ్ చూచివచ్చినాను. హర్షవర్ధనుని రాజధాని. ఇప్పుడది ఇరుకు వీధుల చిన్న పట్టణం. కాని రైలు దిగి సందులలోకి మళ్ళగానే, చెమట, పేడ, కాలువ, వీటన్నిటి మధ్యనుండి గంధపు వాసన తీగవలె సాగివస్తుంది. బట్టీ దగ్గర అరగంట నిలబడినాను. మట్టి పొయ్యి మీద పెద్ద రాగి పాత్ర, దానిని దేగ్ అంటారు. అందులో మూలికలు, నీళ్ళు పోసి మూత పెట్టి, మట్టీ ప్రత్తీ కలిపిన ముద్దతో ఆవిరి పోకుండ మెత్తుతారు. మూత నుండి పురికోస చుట్టిన వెదురు గొట్టం వంగి, నీళ్ళ తొట్టిలో కూర్చున్న మరొక రాగి పాత్రలోకి దిగుతుంది. దాని పేరు భప్కా. అందులో ముందుగానే మంచిగంధపు తైలం పోసి ఉంటారు. ఆవిరి దానిలోకి వచ్చి చల్లబడి, పరిమళాన్ని గంధపు తైలానికి అప్పగించి, తాను నీరైపోతుంది. ఆ నీటిని తీసి తిరిగి దేగ్‌లోనే పోస్తారు. పువ్వులైతే ప్రతి దినమూ కొత్త పువ్వులు. ఇట్లా పది పదిహేను రోజులు. ఉష్ణమాపకం లేదు, గడియారం లేదు. ఆ పనివాడు భప్కా మీద చేయి వేసి వేడిని చూస్తాడు, గొట్టానికి చెవి ఒగ్గి లోపలి చప్పుడు వింటాడు. వాసన విషయంలో చెవిని నమ్మే మనిషిని చూచి నాకు ప్రాణం లేచివచ్చినట్లయినది.

ఈ విద్య మనకు కొత్తది కాదు. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలో బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయాన్నే కేటాయించినాడు. పదహారు ద్రవ్యాలలో నాలుగేసి చొప్పున ఎన్నుకొంటే 1820 విధాలని ఆయన లెక్క కట్టినాడు. జ్యోతిష్కుడు గదా, పువ్వును చూచినా అంకెలే కనిపించినవి. పన్నెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజభోగాల మధ్య గంధానికి చోటు ఇచ్చినాడు. మన కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతాన మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో సుంకం చెల్లించవలసిన సరుకుల పట్టికలో గంధం, చీనా కర్పూరం, పన్నీరు, జవాది వరుసగా కనిపిస్తవి. గులాబి అత్తరును పన్నీరు కాచేటప్పుడు పైన తేలిన నూనె తెట్టులో గుర్తించినది నూర్జహాను తల్లి అస్మత్ బేగమని జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. అల్లుడు అత్తగారిని పుస్తకంలో మెచ్చుకొనడం ఏ కాలంలోనైనా అరుదే.

కనోజ్‌లో చూచినదంతా సంతోషకరం కాదు. మంచిగంధం వెల ఆకాశానికి అంటిన తరువాత చాలచోట్ల భప్కాలో గంధపు తైలానికి బదులు వాసన లేని ఖనిజ తైలాన్నో, రసాయన ద్రావకాన్నో పోస్తున్నారు. పువ్వు అదే, దేగ్ అదే, శ్రమ అదే. కాని ఆ పరిమళానికి నిలిచే నేల లేదు. గంధం మీద దిగిన అత్తరు చేతిమీద ఉదయం నుండి సాయంత్రానికి మూడు విధాలుగా మారుతుంది. ఖనిజ తైలంలో దిగినది మొదట కేక వేసి మధ్యాహ్నానికి మాయమవుతుంది. కొనేవారు తక్కువ వెలకే అడుగుతున్నారు గనుక తయారుచేసేవారిని ఒక్కరినే నిందించలేము. సీసా కొనేముందు దూదికి అద్ది తీసుకొని వెళ్ళి, మరునాటి ఉదయం ఆ దూదిని మళ్ళీ చూడండి. అంతకంటె పరీక్ష లేదు.

సీసాలలో లేని శరత్పరిమళం కూడ ఒకటి ఉన్నది. ఏడాకుల పాల, సంస్కృతంలో సప్తపర్ణం. మా వీధి చివర ఆ చెట్లు నాలుగు ఉన్నవి. ఆ పువ్వుల వాసన ఏనుగుల మదజలాన్ని పోలినదని కాళిదాసు రఘువంశం నాలుగవ సర్గలో చెప్పినాడు. ఏనుగు మదజలం నేను ఎరుగను. కాని ఆ ఉపమానంలో మృదుత్వం ఎందుకు లేదో రాత్రి తొమ్మిది గంటలకు ఆ చెట్టు కింద నడచినవారికి తెలుస్తుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను చెట్లను కూల్చివేసిన తరువాత విశాఖపట్టణంలో వీటిని విస్తారంగా నాటినారు. పూత కాలం రాగానే ఊపిరి ఆడడం లేదని అక్కడివారు మొర పెట్టుకొన్నారు. వారి బాధను నేను తేలిక చేయను. ఉబ్బసం ఉన్నవారికి అది కవిత్వం కాదు. కాని నా ముక్కు మూతపడిన ఆ రెండేళ్ళూ ఆ చెట్ల కింద ముక్కు మూసుకొని వెళుతున్న జనాన్ని చూచి అసూయపడినాను.

ఇక పారిజాతం. మా పెరటిలో చెట్టు ఉన్నది. అమ్మ కాపురానికి వచ్చిన ఇంటినుండి తెచ్చిన గింజ మొలచినది. నేల మీద రాలిన పువ్వును పూజకు ఏరుకోవచ్చుననే మర్యాద ఈ ఒక్క పువ్వుకే ఉన్నది. రాత్రి విచ్చుకొని, వెలుగు రేకలు రాకముందే పగడపు కాడతో సహా రాలుతుంది. ప్రతి ఆశ్వయుజంలోనూ అమ్మ చీకటితోనే లేచి సజ్జలో ఏరుకొని వస్తూ, నేను పళ్ళు తోముకొనే చోట ఆగి, సజ్జను నా ముఖం ముందు పెట్టి "వాసన చూడు" అంటుంది. నా చిన్నతనం నుండి ఇదే వాడుక. 2021లోనూ పెట్టినది. తెల్లని పువ్వులు, మంచు తడి, చల్లదనం, అంతే. "బాగుందమ్మా" అన్నాను. 2022లోనూ అంతే. అన్నీ కొంచెం కొంచెంగా తిరిగివస్తున్నా ఇది మాత్రం రాలేదు. సన్నని పరిమళం. సీసాలోని హర్‌సింగార్ తైలం సంగతీ అంతే. గంధం మాత్రమే తెలిసేది, పువ్వు తెలిసేది కాదు. ఉదయం రాత్రి ఆ సీసాను పట్టుకొని కూర్చునేవాణ్ణి. ఒకనాడు అమ్మ చూచి, "ఈ వయసులో నీకు అత్తరు షోకేమిట్రా?" అన్నది. ఆఫీసులో ఎవరో ఇచ్చినారని చెప్పినాను.

2023 ఆశ్వయుజంలో ఒక ఉదయం నేనే ముందు లేచినాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉన్నది. సజ్జ తీసుకొని చెట్టు కిందికి వెళ్ళి వంగినాను. నేలనుండి ఒక చల్లని తేనె వాసన, దాని వెనుక లేత టీ ఆకు వంటి చిరుచేదు, లేచి ముఖానికి తగిలినది. అది వీధి చివరి చెట్లదేమో అనుకొన్నాను, కాదు. దోసిలితో పువ్వులు తీసి చూచినాను, అవే. ఎంతసేపు అట్లా వంగి ఉన్నానో తెలియదు. లోపలికి వచ్చి, "అమ్మా, వాసన వస్తోందే!" అన్నాను. అన్న తరువాత నాలుక కరచుకొన్నాను.

ఆమె మంచం మీద కూర్చుని ఉన్నది. సజ్జ అందుకొంటూ, "పోయినేడు కూడా వస్తోందనే అన్నావుగా" అన్నది. నేను మాట్లాడలేదు. "ఒకరోజు ముందునాటి పూలు, కాడలు నల్లబడ్డవి, పట్టుకొచ్చి ముక్కు దగ్గర పెట్టాను. బాగుందమ్మా అన్నావు. అప్పుడే తెలిసింది" అన్నది.

ఏడాది పాటు ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆ ఏడాదిలో మా ఇంట్లో కూరలలో ఇంగువ, పులుసులో మెంతులు, కొత్తిమీర ఎందుకు ఎక్కువగా పడుతున్నవో అప్పుడు నాకు అర్థమయినది.

మధ్యాహ్నం నా బల్ల సొరుగులోని అయిదు సీసాలూ తెచ్చి ఆమె ముందు పెట్టి, జరిగినదంతా చెప్పినాను. ఆమె శమామాను చూచి ఇది సున్నిపిండే అన్నది. మొగలిని దూరంగా పెట్టినది. హర్‌సింగార్ సీసాను మాత్రం మూత తీసి చాలసేపు చూచి, పమిట చెంగుకు ఒక బొట్టు రాసుకొని, మళ్ళీ చూచినది. "ఇది మన చెట్టుది కాదు" అన్నది. అని, సీసాను తన దిండు కింద పెట్టుకొన్నది.